అల్లుడుగారి శనగలన్నం

బంగార్రాజుకి శనగల మీద కోపం వచ్చింది. మనుషుల మీద కోపం రావడం అతనికి కొత్తేమీ కాదు. బెజవాడ చేపల మార్కెట్లో ముప్పై ఏళ్లుగా కత్తిపీట ముందు కూర్చునేవాడికి రోజూ ఎవరో ఒకరి మీద కోపం రాకపోతే బేరం సాగదు. కానీ నోరూ వాయీ లేని తెల్ల శనగ గింజ మీద అంత వయసొచ్చిన మనిషి పళ్లు కొరకడం మాత్రం అతని భార్య అంకాలమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు.

కోపం అని అతనన్నాడు గానీ అది కోపం కాదు, ఉత్త కుళ్లు. ఆ శనగలు వండేది అతని అల్లుడు, వాటిని లొట్టలేసుకుంటూ తినేది అతని కూతురు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి కడుపులో మంట మొదలై గొంతుదాకా వచ్చేది. సోడా తాగినా తగ్గేది కాదు.

కూతురి పేరు కనకదుర్గ. ఒక్కతే పిల్ల. పెళ్లయి ఏడాదిన్నర అయింది, ఇప్పుడు నాలుగో నెల. అల్లుడు జానకిరామ్‌ది వీళ్ల సొంతూరే, బందరు పక్కన గిలకలదిండి. వీళ్లలాగే చేపల వేట మీద బతికిన కుటుంబం. కాకపోతే కుర్రాడు చదువుకున్నాడు. హోటల్ కోర్సు చేసి, సరుకు ఓడల్లో వంటవాడిగా చేరి, దేశదేశాల రేవులన్నీ తిరిగాడు. పెళ్లి కుదరగానే సముద్రం మానేసి గన్నవరం విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో చేరి, అక్కడే ఫ్లాటు తీసుకున్నాడు. ఎదురుపడితే బంగార్రాజు అతన్ని "అల్లుడుగారూ" అనేవాడు. ఇంటికొచ్చాక "ఆ ఓడ వంటోడు" అనేవాడు.

నిజానికి బంగార్రాజు కూడా ఒకప్పుడు వంటవాడే. కుర్రతనంలో గిలకలదిండి నుంచి వేటకి వెళ్లే బోటు మీద అందరికీ కూడు వండింది అతనే. ఊగే బోటు మీద, ఎగిసే గాలిలో, ఒంటి పొయ్యి మీద అతను పెట్టిన పులుసు కోసం పక్క బోటువాళ్లు తాడేసి దగ్గరికొచ్చేవాళ్లని చెప్పుకుంటాడు. అందులో కొంత కోత ఉండొచ్చు గానీ పులుసు గొప్పదన్న మాట మాత్రం నిజం. ఆ పులుసు తినే దుర్గ పెరిగింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మూడు పూటలు లంఖణం చేశాక కూడా పథ్యం వద్దు, నాన్న పులుసే కావాలని ఏడ్చిన పిల్ల అది.

పెళ్లయ్యాక కూడా ఆ పద్ధతి మారలేదు. ఆదివారం మార్కెట్ కట్టేశాక బంగార్రాజు మిగిల్చుకున్న మంచి చేప తెచ్చి, అంకాలమ్మని పొయ్యి దరిదాపులకి రానివ్వకుండా పులుసు పెట్టేవాడు. చేపల పులుసు మర్నాటికి గానీ కుదురుకోదు. అందుకని సోమవారం పొద్దున్నే కారేజీ బండికి తగిలించుకుని కృష్ణలంక నుంచి గన్నవరం దాకా వెళ్లేవాడు. దుర్గ తలుపు తీస్తూనే కారేజీ లాక్కుని మూత తీసి, "తలకాయ వేశావా నాన్నా?" అని అడిగేది. ఆ ఒక్క మాట కోసమే అతను అంత దూరం వెళ్లేవాడు.

నెల తప్పాక ఒక సోమవారం దుర్గ తలుపు తీసింది గానీ కారేజీ అందుకోలేదు. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి బాత్రూములోకి పరిగెత్తింది. లోపల్నించి వాంతి చేసుకుంటున్న చప్పుడు వింటూ బంగార్రాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. బయటికొచ్చి మొహం తుడుచుకుంటూ, "ఏమనుకోకు నాన్నా. ఆ కారేజీ బయట పెట్టెయ్యవా?" అంది.

పెట్టాడు. లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వు కూడా కాస్త బాల్కనీలో కూర్చో నాన్నా. చొక్కా వాసనొస్తోంది."

"ఉతికిన చొక్కానే తల్లీ."

"తెలుసు. అయినా వస్తోంది."

బంగార్రాజు చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. సబ్బు వాసన తప్ప ఏమీ తెలియలేదు. ముప్పై ఏళ్లు నీచులో బతికిన ముక్కుకి నీచు తెలియదు. అతనికి అది ఉత్త గాలి. ఉన్న ఒక్క కూతురు తన గాలి పడదంటే ఏం చేస్తాడు? వెళ్లి బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

అక్కడ కూర్చుని అద్దం తలుపులోంచి చూస్తుండగా అల్లుడు వంటింట్లోంచి ఒక పళ్లెం పట్టుకుని వచ్చాడు. దుర్గ సోఫాలో కాళ్లు ముడుచుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, చిన్నప్పుడు పులుసన్నం తిన్నట్టే తింది. వేళ్లు కూడా నాకింది. బంగార్రాజు గుండెల్లో ఎవరో ఉప్పూ కారం కలిపి రాసినట్టయింది.

"మీరూ రుచి చూడండి మావయ్యగారూ," అంటూ జానకిరామ్ ఒక గిన్నె బాల్కనీలోకి తెచ్చాడు. "మెడిటరేనియన్ సైడు వంటండీ ఇది. గ్రీసులో ఓడ ఆగినప్పుడు నేర్చుకున్నా. బియ్యం, శనగలు, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, జీలకర్ర, నిమ్మకాయ, ఆలివ్ నూనె. ఇంతకుమించి ఏం లేదు. వారం నుంచి తను ఇదొక్కటే తింటోందండీ."

బంగార్రాజు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బాగుంది. చాలా బాగుంది. గ్రీసు వంటంటే నోటికి పరాయిగా ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే సొంత ఇంట్లో తిన్నట్టే ఉంది. తిట్టుకోవడానికి ఒక వంక కూడా దొరకనివ్వని వంట అది.

"ఉప్పు తగ్గింది," అన్నాడు.

"సరిపోయింది నాన్నా," అంది లోపల్నించి దుర్గ.

ఇదంతా అతను ఎలాగో దిగమింగేవాడే. కానీ వెళ్లొస్తానని లేచినప్పుడు దుర్గ ఇంకో మాట అంది. "నాన్నా, పురిటికి నేను అక్కడికి రాలేనేమో. ఆ వాసనకి ఒక్క పూట కూడా ఉండలేను. కానుపు ఇక్కడే చేయిద్దామని, నన్ను తనే చూసుకుంటానని ఆయన అంటున్నారు."

తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. అది పుట్టింటివాళ్ల హక్కు. తన ఇంట్లో ఉయ్యాల కట్టాలని, మనవడో మనవరాలో తన గుమ్మంలోనే మొదటిసారి ఎండ చూడాలని బంగార్రాజు ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాడు. ఆ హక్కుని ఒక శనగల గిన్నె లాక్కుపోతోంది. ఇంటికొచ్చి కారేజీ నేల మీద ధన్‌మని పెట్టాడు.

"శనగలట! గుర్రాలకి నానబెట్టి పెడతారు వాటిని," అన్నాడు.

"గుర్రాలు తింటే తిననీ. పిల్ల కక్కకుండా తింటోంది, నాకదే చాలు," అంది అంకాలమ్మ.

"నీకు చాలుద్ది. అది నా పులుసు తినే నోరు. ఆ ఓడ వంటోడు దాన్ని పాడుచేస్తున్నాడు."

"నీ బాధ పిల్ల తినట్లేదని కాదయ్యా, అల్లుడు పెడితే తింటోందని." అంకాలమ్మ కారేజీలో పులుసు గిన్నెలోకి వంపుకుంటూ అంది. బంగార్రాజు ఆ పూట అన్నం వద్దని అలిగి, గంట తిరక్కుండానే ఆ పులుసుతోనే తిన్నాడు.

అతని అదృష్టం కొద్దీ ఆ నెలలోనే హోటలువాళ్లు జానకిరామ్‌ని పది రోజుల పాటు హైదరాబాదు పంపించారు. అంకాలమ్మ పట్టుబట్టి ఆ పది రోజులూ దుర్గని ఇంటికి పిలిపించింది. దుర్గ ముందే చెప్పింది. "వచ్చి చూస్తానమ్మా. ఈ పది రోజులూ తినగలిగితే పురిటికి అక్కడికే వస్తా. లేకపోతే నన్ను బలవంతపెట్టొద్దు."

బంగార్రాజు ఇల్లంతా కడిగించాడు. మిద్దె మీద ఆరేసుకునే ఎండుచేపల సంచులన్నీ మార్కెట్లో పక్క దుకాణం మార్త దగ్గర పెట్టించాడు. మార్కెట్ బట్టలు మార్కెట్లోనే విప్పి, అక్కడి కుళాయి కింద సున్నిపిండితో ఒళ్లు రుద్దుకుని, నిమ్మచెక్కలతో చేతులు తోముకుని, పెళ్లికొడుకులా తెల్ల చొక్కా తొడుక్కుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మార్కెట్లో అందరూ నవ్వారు. నవ్వినవాళ్లందరికీ అతను ఘాటుగానే బదులిచ్చాడు.

జానకిరామ్ దుర్గని దింపడానికి వచ్చిన రోజు, ఆ పూటకి సరిపడా శనగలన్నం డబ్బాలో వండి తెచ్చాడు. వెళ్లేముందు మామగారిని వీధి గుమ్మం దాకా పిలిచి గొంతు తగ్గించాడు.

"మావయ్యగారూ, ఆ అన్నం ఎలా చెయ్యాలో మీకు చెప్పాలి. అందులో ఒక చిన్న కిటుకుంది, తన ముందు చెప్పలేను."

"అన్నం వండటం నాకు నేర్పుతారా అల్లుడుగారూ?" బంగార్రాజు నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వులో తియ్యదనం లేదు. "మీరు పుట్టకముందే బోటు మీద గరిటె తిప్పినవాణ్ణి. మీ బస్సుకి టైమవుతోంది, వెళ్లిరండి."

జానకిరామ్ ఇంకేదో చెప్పబోయి, మామగారి మొహం చూసి, బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బంగార్రాజు వంటకి దిగాడు. కొట్లో దొరికిన పెద్ద తెల్ల శనగలు, ఆలివ్ నూనె సీసా, కొత్తిమీర కట్ట ముందు పెట్టుకుని, లుంగీ పైకి కట్టాడు. చేప పది నిమిషాల్లో ఉడుకుతుంది. దానితో బతికినవాడికి శనగ ఎంత మొండిదో తెలియదు. నానబెట్టకుండానే కుక్కర్లో పోసి, బియ్యం కూడా అందులోనే వేసి, కూతలు లెక్కపెట్టాడు. మూత తీస్తే బియ్యం గంజిలో గంజి అయిపోయింది, శనగలు మాత్రం గులకరాళ్లలా మిగిలాయి. దుర్గ ఒకటి కొరికి, చెంప పట్టుకుని, "పర్లేదులే నాన్నా, పెరుగన్నం తింటా," అంది.

అంకాలమ్మ చెప్పాక రెండోసారి నానబెట్టాడు. శనగలు మెత్తగా ఉడికాయి. ఉల్లిపాయలు సన్నని సెగ మీద ఎర్రగా వేయించాడు, జీలకర్ర వేశాడు, శనగలు ఉడికిన నీళ్లే ఎసరు పెట్టాడు, దించాక నిమ్మకాయ పిండాడు. చూడ్డానికి అల్లుడు చేసినట్టే ఉంది. పళ్లెంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. దుర్గ నాలుగు ముద్దలు తిని ఆపేసింది.

"ఏంటి తల్లీ?"

"బాగానే ఉంది నాన్నా. ఆయన చేసినట్టు లేదు. అంతే."

ఆ "అంతే" బంగార్రాజుకి ముల్లులా దిగింది. తర్వాతి రోజు ఉప్పు మార్చాడు, మిరియాలు వేశాడు, నిమ్మకాయ ఇంకాస్త పిండాడు. ఎన్ని తిప్పలు పడినా దుర్గ నాలుగు ముద్దల దగ్గరే ఆగిపోయేది. మజ్జిగ తాగి పడుకునేది. పిల్ల మొహం పీక్కుపోతుంటే అంకాలమ్మ పైకి అనకుండా లోపల్లోపల కుమిలిపోయింది. బంగార్రాజు మాత్రం అల్లుడు తనకి చెప్పకుండా ఏదో దాచాడని నిశ్చయించుకున్నాడు. చెప్పబోతే తనే నోరు మూయించిన సంగతి సౌకర్యంగా మర్చిపోయాడు.

ఒక సాయంత్రం దుర్గ వరండాలో ఫోన్లో మాట్లాడటం అతని చెవిన పడింది. "తొందరగా వచ్చి తీసుకెళ్లండి. నాన్న పాపం చాలా కష్టపడుతున్నాడు, కానీ నాకు దిగట్లేదు. మీ అన్నం కావాలి." ఆ తర్వాత అవతలివాడేదో అన్నట్టున్నాడు, దుర్గ నవ్వింది. ఇంటికొచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. గోడకి ఇవతల నిలబడ్డ బంగార్రాజుకి ఆ నవ్వు వింటే కళ్లు మండాయి. హైదరాబాదులో ఉన్నవాడు ఫోన్లోంచి నవ్వించగలుగుతున్నాడు, తను ఎదురుగా ఉండి ఒక్క పూట తినిపించలేకపోతున్నాడు. అల్లుడంటే అంత అసూయ అతనికి ముందెన్నడూ కలగలేదు.

మర్నాడు మార్కెట్లో మార్త మధ్యాహ్నం కూరలోకి రొయ్యపొట్టు వేయిస్తోంది. చిన్న చిన్న ఎండురొయ్యలు మూకుడులో చిటపటలాడుతుంటే బంగార్రాజు చెయ్యి కడుక్కుంటూ ఆగి చూశాడు. వీళ్ల ఇళ్లలో రొయ్యపొట్టు పడని కూరంటూ ఉండదు. దోసకాయలో పడుతుంది, గోంగూరలో పడుతుంది, ఏ కూరకి రుచి చాలకపోయినా చెయ్యి దానంతటదే ఆ డబ్బా మీదికి పోతుంది. ఇన్ని రోజులూ శనగలన్నం వండుతూ తన చెయ్యి ఎందుకు వెలితిగా ఉందో అతనికప్పుడు తెలిసింది.

పచ్చిగా ఉంటేనే కదా నీచు. నల్లబడకుండా దోరగా వేయించి, మెత్తగా నలిపి, నిమ్మరసంలో కలిపేస్తే వాసన పోతుంది, రుచి మిగులుతుంది. పిల్లకి తెలియదు. తెలియకుండా నాలుగు ముద్దలు ఎక్కువ తింటే పాపమేం లేదు. ఇలా తనకి తనే చెప్పుకున్నాడు. కానీ అతని మనసులో ఇంకోటి కూడా ఉంది. ఆ గ్రీసు అన్నాన్ని తన సముద్రంతో ఓడించాలి. "నీ దానికన్నా నాన్నది బాగుంది" అని దుర్గ తన నోటితో అల్లుడికి చెప్పాలి. ఈ రెండింట్లో ఏది పెద్ద కారణమని అడిగితే అతను మొదటిదే అనేవాడు, అది అబద్ధం అయ్యేది.

"కాస్త రొయ్యపొట్టు ఇయ్యి మార్తా," అన్నాడు.

మార్కెట్లోనే వేయించి, అరచేతుల మధ్య నలిపి, బట్టలో జల్లించి, కాగితంలో చుట్టి, ఆ పొట్లం మీద ఒక కవరు, దానిమీద ఇంకో కవరు చుట్టి, బండి డిక్కీలో పెట్టుకుని దొంగసరుకు తెచ్చినట్టు తెచ్చాడు. ఉల్లిపాయలు ఎర్రబడ్డాక దుర్గ స్నానానికి వెళ్లే దాకా ఆగి, ఆ పొడి అందులో దులిపి, వెంటనే శనగలు పోసి మూత పెట్టాడు. అంకాలమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చూసి పెరట్లోకి వెళ్లిపోయింది.

దుర్గ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. పిల్ల బాత్రూము వైపు చూస్తుందేమోనని బంగార్రాజు ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. దుర్గ రెండో ముద్ద తింది, మూడోది తింది. పళ్లెం ఖాళీ చేసి ముందుకి జరిపింది.

"ఇంకాస్త పెట్టు నాన్నా."

బంగార్రాజు పెట్టాడు. అదీ తిని, నీళ్లు తాగి, తృప్తిగా వెనక్కి వాలి దుర్గ అంది. "ఇదీ! ఇవాళ కుదిరింది నాన్నా. అచ్చం ఆయన చేసినట్టే ఉంది."

ఆయన దానికన్నా బాగుంది అంటుందనుకున్నాడు బంగార్రాజు. ఆయన చేసినట్టే ఉందేంటి? గిలకలదిండి రొయ్యపొట్టు వేస్తే గ్రీసు వంటలా ఎలా ఉంటుంది? గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకుని తిన్నాడు. ఆ రోజు బాల్కనీలో తిన్న రుచే, సందేహం లేదు. ఆ రోజు సొంతింట్లో తిన్నట్టు ఎందుకనిపించిందో అప్పుడు అర్థమైంది. ఒళ్లంతా కోపంతో వేడెక్కింది.

పెరట్లో గిన్నెలు తోముతున్న అంకాలమ్మ దగ్గరికి వెళ్లి, "ఆ ఓడ వంటోడు రొయ్యపొట్టు వేస్తున్నాడే!" అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ తలెత్తకుండా. "మొన్న అల్లుడు తెచ్చిన డబ్బాలోంచి ఒక ముద్ద తినగానే నాకు తెలిసింది. నీ నాలుక కుళ్లుతో మొద్దుబారింది గానీ నాది కాదుగా."

"మరి చెప్పవేం?"

"చెబితే నువ్వు మార్కెట్టంతా చాటింపేస్తావు. అది దాని చెవిన పడుద్ది. ఆ తిండి కూడా మానేస్తే నీకు బావుంటుందా?"

బంగార్రాజు ఆ ప్రశ్న వినలేదు. అతని చేతికి అంతకన్నా మంచిది దొరికింది. గ్రీసు వంటని గొప్పలు పోయి, పెళ్లానికి తెలియకుండా రొయ్యపొట్టు తినిపిస్తున్నాడన్నమాట! అల్లుడు రానీ. దుర్గ ఎదురుగానే ఆ మాట బయటపెట్టి, అతని నవ్వు మొహం ఎలా మాడుతుందో ఒక్కసారి చూడాలి. తనూ అదే పని చేశాడన్న సంగతి అడ్డొచ్చినప్పుడల్లా, తండ్రి వెయ్యడం వేరని సర్దిచెప్పుకున్నాడు. వేరెందుకో మాత్రం అతనికే తేలలేదు.

మిగిలిన రోజులన్నీ అతనే వండాడు. దుర్గ రెండు పూటలా తింది. మొహంలో కళ వచ్చింది. వరండాలో తండ్రి పక్కనే కూర్చుని కబుర్లు కూడా చెప్పింది, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. ఇన్నీ బాగానే ఉన్నాయి గానీ తిన్న ప్రతిసారీ "అచ్చం ఆయన చేసినట్టే" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ బంగార్రాజు అల్లుడి రాక కోసం కత్తి నూరుకున్నాడు.

జానకిరామ్ చెప్పిన రోజుకి మధ్యాహ్నం దిగాడు. బంగార్రాజు కావాలని అదే అన్నం వండి, అల్లుడికి పెద్ద కంచం వేసి, తనే వడ్డించాడు. దుర్గ పక్కనే కూర్చుంది. జానకిరామ్ ఒక ముద్ద తిన్నాడు. నమలడం ఆపి కంచంలోకి చూశాడు. మెల్లగా తలెత్తి మామగారి వైపు చూశాడు.

"కొంచెం నిమ్మకాయ కావాలి మావయ్యగారూ," అంటూ లేచి వంటింట్లోకి నడిచాడు. బంగార్రాజు వెనకాలే వెళ్లాడు.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాడు జానకిరామ్ గొంతు తగ్గించి.

"గ్రీసులో రొయ్యపొట్టు వేస్తారా?" బంగార్రాజుకి మర్యాద గాలికి పోయింది. "నీకు సిగ్గుగా లేదా? కడుపుతో ఉన్న పిల్లని మోసం చేస్తావా?"

"మీకు చెబుదామనే ఆ రోజు గుమ్మం దాకా పిలిచానండీ. మీరు విన్లేదు." అతను తల వంచుకున్నాడు. "మొదట నేను ఉత్త శనగలతోనే చేశాను. నాలుగు ముద్దలు తిని పక్కన పెట్టేది. ఏం వండినా అంతే. పెళ్లయినప్పటి నుంచీ అంతేనండీ. ఎన్ని దేశాల వంటలు చేసి పెట్టినా, బాగుందండీ కానీ నాన్న పులుసులా లేదు, అనేది. సోమవారం మీరు కారేజీతో వస్తుంటే నాకెంత ఒళ్లు మండేదో మీకు తెలీదు. మీరు వెళ్లాక ఆ గిన్నె కడిగేది కూడా నేనే."

బంగార్రాజు గట్టు మీదున్న నిమ్మకాయ తీసుకుని కోశాడు.

"వాసనే పడట్లేదండీ తనకి. రుచి మాత్రం మీరు అలవాటు చేసిన రుచే కావాలి. ఆఖరికి మీ రుచి దొంగిలించి తినిపించాను. ఇప్పుడు తనకి చెప్పాలంటే చెప్పండి. తప్పు నాదే."

సోమవారం సోమవారం తను గర్వంగా కారేజీ పట్టుకెళ్తుంటే ఇంకొకడు ఇలాగే కుళ్లుకున్నాడన్న మాట బంగార్రాజుకి వినడానికి ఎంతో హాయిగా ఉంది. కాసేపటి క్రితం దాకా అతను కోరుకున్న గెలుపు ఇదే. ఇప్పుడు దుర్గకి ఒక్క మాట చెప్తే చాలు. మీ ఆయన గొప్ప వంటలో ఉన్నది మీ నాన్న రుచేనమ్మా, అని. ఎన్నాళ్ల మంటో చల్లారిపోతుంది.

"లోపలేంటి ఇద్దరూ గుసగుసలు?" దుర్గ కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వెనకాల అంకాలమ్మ. "ఇందులో ఏమేం పడతాయో నాకూ చెప్పండి. రేపట్నించి నేనే చేసుకుంటా. ఏం వేశావ్ నాన్నా?"

జానకిరామ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంకాలమ్మ మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. బంగార్రాజు కూతురి చెంపలు చూశాడు. నాలుగైదు రోజుల కిందట పీక్కుపోయిన చెంపలు ఇప్పుడు నిండుగా ఉన్నాయి. చేతిలో కంచం సగం ఖాళీ అయింది. చెప్తే మిగతా సగం అక్కడే పారబోస్తుంది. ఆ తర్వాత ఎవరు వండినా అనుమానంగా వాసన చూస్తుంది.

"నేనేం వేశానమ్మా," అన్నాడు. "అంతా మీ ఆయన చెప్పినట్టే చేశా. గ్రీసు వంట. మనకేం తెలుసు అందులో."

ఆ మాట అనడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"చూశావామ్మా!" దుర్గ మొహం వెలిగిపోయింది. "ఆయన నాన్నకి కూడా వంట నేర్పేశారు. ఇంక భయం లేదు, పురిటికి ఇక్కడికే వచ్చేస్తా. ఆయన అన్నం నాన్న వండిపెడతాడుగా."

అంకాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. జానకిరామ్ ఏదో అనబోతే బంగార్రాజు కళ్లెర్రజేసి ఊరుకోమన్నాడు. కూతురు ఇంటికొస్తోంది, ఉయ్యాల ఈ ఇంట్లోనే కడతారు. అతను కోరుకున్నదంతా అతనికి దొరికింది, కాకపోతే అల్లుడి పేరు మీద దొరికింది.

అందరూ మళ్లీ కంచాల ముందు కూర్చున్నారు. బంగార్రాజు గిన్నె తెచ్చి కూతురి కంచంలో నిండుగా గరిటె వేశాడు. తర్వాత అల్లుడి కంచం దగ్గరికి వచ్చి కాసేపు ఆగాడు. అతనికీ ఒక గరిటె వేశాడు. కొంచెం తక్కువే వేశాడు.